లోకాంతరవాసులతో తొలి పలుకు

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, చల్లపల్లికి కొద్ది మైళ్ల దూరంలో ఘంటసాల అనే గ్రామం ఉన్నది. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో పేర్కొన్న కంటకసోల ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అక్కడ బయటపడిన బౌద్ధ శిథిలాలలో బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృత శాసనాలు ఉన్నవి. వాటిని చెక్కించినవారు పరదేశీయులు కారు. ఈ నేల మీద పుట్టి, ఈ కృష్ణ నీరు త్రాగినవారే. అయినప్పటికీ అట్టి లిపిని చదవగలవాడు అనేక శతాబ్దాలపాటు దేశం మొత్తం మీద ఒక్కడైనా లేకపోయాడు. పండితునికీ పశువుల కాపరికీ ఆ అక్షరాలు సమానంగా గీతలే. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయుడు ఆ లిపి ముడి విప్పిన తరువాతనే అవి తిరిగి మాటలైనవి.

మన పూర్వుల మాటే మనకు ఇంత దుర్గ్రాహ్యమైతే, వేరొక నక్షత్రం వద్ద, వేరొక రకమైన దేహంతో, వేరొక రకమైన ఇంద్రియాలతో బ్రతికే బుద్ధిజీవులు పంపిన సందేశాన్ని మనిషి చదవగలడా? మనం పంపినదాన్ని వారు చదవగలరా? వారు ఉన్నారో లేరో ఇంతవరకు ఎవ్వరికీ తెలియదు. కాని ఈ ప్రశ్నకు వారి ఉనికితో నిమిత్తం లేకుండానే చాలావరకు సమాధానం చెప్పవచ్చును.

ఈ ప్రశ్ననే కథావస్తువుగా తీసుకున్న చలనచిత్రాలలో ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగినది 1997లో అమెరికాలో విడుదలైన 'కాంటాక్ట్'. సంపర్కమని దాని అర్థం. రాబర్ట్ జెమెకిస్ దర్శకుడు, జోడీ ఫోస్టర్ కథానాయిక. దీనికి మూలం కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రాచార్యుడైన కార్ల్ సాగన్ 1985లో ప్రకటించిన నవల. చిత్రం పూర్తి కాకమునుపే, 1996 డిసెంబరులో, ఆయన మరణించాడు. 1977లో ఒక తెలుగు పలకరింపును నక్షత్రాల మధ్యకు పంపిన సంఘానికి అధ్యక్షుడు కూడా ఈ సాగనే. ఆ సంగతికి తరువాత వద్దాము.

కథ ఇది. ఎల్లీ ఏరోవే అనే యువతి రేడియో ఖగోళ శాస్త్రజ్ఞురాలు. న్యూ మెక్సికో ఎడారిలో 27 పెద్ద పళ్లాల వంటి రేడియో దూరదర్శినులు పట్టాల మీద వరుసగా నిలిచి ఉన్నవి. ఒకనాడు అభిజిత్ నక్షత్రం దిక్కు నుంచి ఆమెకు స్పందనలు వినవస్తాయి. ముందు రెండు, తరువాత మూడు, తరువాత అయిదు, ఏడు, పదకొండు. ఈ విధంగా 101 వరకు ప్రధాన సంఖ్యలు వరుసగా వస్తాయి. ఆ స్పందనల లోపల ఒక టెలివిజన్ చిత్రం దాగి ఉంటుంది. చిత్రం లోపల మరల వేలాది పుటల లిఖితం దాగి ఉంటుంది. ఆ లిఖితం ఒక యంత్రాన్ని నిర్మించే విధానం. యంత్రం నిర్మించిన తరువాత జరిగేదంతా కల్పన. దాన్ని ఇక్కడ విస్తరించనక్కరలేదు. మొదటి సగంలోనే విద్యార్థికి పనికివచ్చే శాస్త్రం ఎక్కువ.

ముందుగా లోపాలు చెప్పుకోవడం మంచిది. కథానాయిక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆకాశాన్ని వింటూ ఉంటుంది. చూడటానికి బాగున్నది గాని, నిజమైన పరిశోధనలో ఆ విధంగా ఎవ్వరూ వినరు. కోట్లాది పౌనఃపున్యాలను ఒకేసారి గణనయంత్రాలు పరీక్షిస్తాయి. మరొకటి: చిత్రం ప్రారంభంలో మనం భూమి నుండి వెనుకకు పోతున్నకొద్దీ పాతకాలపు రేడియో ప్రసారాలు వినిపిస్తాయి. ఊహ చక్కనిది. కాని గ్రహాలను ఇంకా దాటకముందే దశాబ్దాల నాటి పాటలు వినిపించడం పొరపాటు. కాంతికి, రేడియో తరంగాలకు వేగం ఒకటే గదా. భూమి నుండి శని గ్రహం చేరడానికి వాటికి గంటన్నర చాలును. అక్కడ వినేవానికి మన ఈనాటి వార్తలే వినిపిస్తాయి, గంటన్నర ఆలస్యంగా.

ఇక సరియైన విషయాలు. చిత్రంలో సందేశం వచ్చే పౌనఃపున్యం ఉదజని పౌనఃపున్యాన్ని 'పై' చేత గుణించగా వచ్చినది. విశ్వంలో అన్నిటికంటె అధికంగా ఉన్న మూలకం ఉదజని. దాని పరమాణువులో ఎలక్ట్రాను తన భ్రమణ దిశను తిప్పుకున్నపుడు సెకనుకు సుమారు 142 కోట్ల కంపనలు గల రేడియో తరంగం వెలువడుతుంది. తరంగదైర్ఘ్యం 21 సెంటీమీటర్లు. ఆ సంఖ్యను 3.1416 చేత హెచ్చవేస్తే సుమారు 446 కోట్లు. ఉదజని సహజంగా పలికే చోట ఆకాశమంతా దాని రొదే కాబట్టి అక్కడ మాట్లాడితే వినపడదు. 'పై' చేత గుణించిన చోట ప్రకృతి మౌనంగా ఉంటుంది. పైగా వృత్తం గురించి తెలిసినవాడే ఆ సంఖ్యను ఎన్నుకుంటాడు. సాగన్ ఎంపికలోని తెలివి ఇది.

ప్రధాన సంఖ్యలనే ఎందుకు పంపాలి? క్రమం తప్పకుండా టిక్కు టిక్కుమంటే చాలదా? చాలదని శాస్త్రజ్ఞులకు అనుభవం మీద తెలిసినది. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని 1.337 సెకన్లకు ఒకసారి చొప్పున గడియారం వలె వచ్చే రేడియో స్పందనలను కనుగొన్నది. అంత కచ్చితమైన క్రమం ప్రకృతిలో ఉండగలదని అప్పటికి ఎవ్వరూ ఎరుగరు. అందువలన ఆమె బృందం హాస్యానికి దానికి 'చిట్టి పచ్చ మనుషులు' అని పేరు పెట్టినది. తీరా చూడగా అది తిరుగుతున్న ఒక మృత నక్షత్రం. నేడు పల్సారు అంటున్నాము. కనుక క్రమం మాత్రమే బుద్ధికి గుర్తు కాజాలదు. ప్రధాన సంఖ్య ఒక్కటైతే అదీ చాలదు. అమెరికాలో కొన్ని ఇలకోళ్లు నేలలో 13 ఏళ్లు, కొన్ని 17 ఏళ్లు గడిపి బయటికి వస్తాయి, వాటికి గణితం రాదు. కాని 2 నుండి 101 వరకు ఒక్క ప్రధాన సంఖ్యనూ విడువకుండా, మరొక సంఖ్యను చేర్చకుండా పలికే నిర్జీవ వస్తువు ఏదీ ఇంతవరకు తెలియదు.

ప్రధాన సంఖ్యలకు మరొక ఉపయోగం కూడా కలదు. 1974 నవంబరు 16న పోర్టో రికో లోని అరెసిబో రేడియో దూరదర్శిని నుండి ఒక నక్షత్ర గుచ్ఛం వైపు నిజంగానే ఒక సందేశం పంపారు. (ఆ దూరదర్శిని 2020లో కూలిపోయినది.) ఆ సందేశంలో ఉన్నవి 1679 అంకెలు, అన్నీ ఒకట్లు, సున్నలే. 1679ని భాగించి చూస్తే 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. అనగా వాటిని దీర్ఘచతురస్రంగా పేర్చడానికి రెండే మార్గాలు. ఒక మార్గంలో అర్థంలేని చుక్కలు, రెండవ మార్గంలో బొమ్మ.

తరగతిలో నల్లబల్ల మీద దీనికి చిన్న నమూనా చూపవచ్చును. 111101101101111 అని వ్రాసి, ఇదొక బొమ్మ అని విద్యార్థులకు చెప్పండి. అంకెలు 15, అనగా మూడు అయిదులు. వరుసకు అయిదు చొప్పున వ్రాస్తే 11110, 11011, 01111 అని వస్తుంది. ఏమీ తెలియదు. వరుసకు మూడు చొప్పున వ్రాస్తే 111, 101, 101, 101, 111 అని వచ్చి, ఒకట్లు అన్నీ కలిసి నిలువు కిటికీ చట్రం వలె కనిపిస్తాయి. ఇంతకూ బొమ్మ ఎక్కడ దాగినది? పొడవు వెడల్పుల సంఖ్యలలోనే. చదివే విధానం సందేశంలోనే ఇమిడి ఉన్నదన్నమాట. పంపినవాడు వేరుగా ఏదీ చెప్పలేదు.

'కాంటాక్ట్' లోని పుటలకు సైతం ఇట్టి తాళపుచెవి ఉంటుంది. పుటలను బల్లపరుపుగా పేర్చితే అంచులు కలియవు. ఘనరూపంలో మడిచి కలిపితే కలుస్తాయి. అంచులలో ఆ భాషకు పెద్ద బాలశిక్ష వంటిది దాగి ఉంటుంది. అట్టి బాలశిక్ష ఎట్లు వ్రాయవచ్చునో ఆలోచించడం కష్టం కాదు. ఒక స్పందన, ఒక కొత్త గుర్తు, మరొక స్పందన, రెండవ కొత్త గుర్తు, ఆ తరువాత రెండు స్పందనలు. ఆ పిమ్మట అవే గుర్తులతో రెండు, మూడు, అయిదు. నాలుగైదు ఉదాహరణలు చూచిన బుద్ధిమంతుడు మొదటి గుర్తు 'కూడుట', రెండవది 'సమానము' అని గ్రహిస్తాడు. ఒప్పులన్నిటి చివర ఒక గుర్తు, కావాలని చేసిన తప్పుల చివర మరొక గుర్తు పెడితే 'నిజము', 'అబద్ధము' అనే మాటలు నేర్పినట్లే. అక్కడి నుండి పరమాణువులకు, కొలతలకు పోవచ్చును. అందరికీ సమానమైన వస్తువును ముందు చూపి, దాని మీద మాటను నిలబెట్టడమే ఇందులోని కిటుకు.

ఇప్పుడు తెలుగు పలకరింపు సంగతి చూద్దాము. 1977 ఆగస్టు 20న వాయేజరు-2, సెప్టెంబరు 5న వాయేజరు-1 అమెరికా నుండి బయలుదేరినవి. వాటి పని గురు, శని గ్రహాలను, ఆపై గ్రహాలను పరిశీలించడం. ఆ పని ముగిసిన తరువాత అవి సూర్యకుటుంబం విడిచి తిరిగి రావు గనుక, ఒక్కొక్కదానికి 12 అంగుళాల గ్రామఫోను ప్లేటును అమర్చారు. రాగి మీద బంగారు పూత. అందులో 115 చిత్రాలు, తిమింగిలాల కూతలు, వాన, ఉరుము, సుమారు 90 నిమిషాల సంగీతం ఉన్నవి. మన దేశం నుండి కేసర్‌బాయి కేర్కర్ భైరవిలో పాడిన పాట చేరినది. 55 భాషలలో పలకరింపులు ఉన్నవి. వాటిలో తెలుగు ఒకటి. కన్నడం, హిందీ, బెంగాలీ, మరాఠీ, ఒరియా, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, రాజస్థానీ కూడా ఉన్నవి. తమిళం, మలయాళం లేవు. పలకరింపులను కార్నెల్ విశ్వవిద్యాలయంలో రికార్డు చేశారు. పలికేవారికి ఫలానా మాటలే చెప్పాలనే నిబంధన పెట్టలేదు. క్లుప్తంగా ఉంటే చాలునన్నారు. తెలుగు కంఠం చెప్పినది ఒక్క వాక్యం. నమస్కారం చేసి, తెలుగు మాట్లాడే జనం పక్షాన శుభాకాంక్షలు తెలపడమే అందులోని విషయం.

1977 అనగానే దివిసీమ వారికి, బందరు వారికి జ్ఞాపకం వచ్చేది వాయేజరు కాదు, నవంబరు 19 నాటి ఉప్పెన. ఆనాడు సముద్రం పల్లెలకు పల్లెలను ఊడ్చివేసి వేలాది ప్రాణాలను తీసుకున్నది. అప్పటికి వాయేజరు-2 బయలుదేరి 91 రోజులు. తెలుగు మాట్లాడే జనం పక్షాన శుభం పలికిన కంఠం గురుగ్రహం దిక్కుగా పోతూనే ఉన్నది. ఆ ప్లేటులో ఉప్పెన వంటిదేదీ లేదు. 1977 నాటిదే గాక ఏనాటిదీ లేదు. యుద్ధం, రోగం, దారిద్ర్యం చూపే చిత్రాలను చేర్చరాదని సాగన్ సంఘం తెలిసే నిర్ణయించినది. కొత్తవారి ఇంటికి తొలిసారి పోయేవాడు తన కష్టాలు చెప్పుకోడు. ఈ నిర్ణయంలో మర్యాద ఉన్నది. నిజం సగమే ఉన్నదనడం కూడా న్యాయమే.

ఆ ప్లేటు ఎవరికైనా దొరికితే వారు దాన్ని మ్రోగించగలరా? ఇది మొదటి ప్రశ్న. దీనికి సాగన్ మిత్రులు బాగానే ఏర్పాటు చేశారు. సూది, దాన్ని పట్టే భాగం కూడా వాయేజరులోనే ఉన్నవి. ప్లేటు మూత మీద బొమ్మలు చెక్కబడినవి. ఎంత వేగంతో త్రిప్పాలి? చుట్టుకు 3.6 సెకన్లు అని చెప్పాలి. కాని సెకను మన స్వంత కొలత, అన్యులకు దాని ప్రసక్తి లేదు. అందుచేత మరల ఉదజనిని ఆశ్రయించారు. ఆ పరమాణువు ఒక్క కంపనకు పట్టే కాలం సెకనులో వందకోట్ల వంతులకు 0.7. దాన్ని ఒకటి అనుకొమ్మని బొమ్మతో చెప్పి, అటువంటివి సుమారు 511 కోట్లయితే ఒక చుట్టు అని ఒకట్లు సున్నల పద్ధతిలో వ్రాశారు. ఉదజని లేని లోకం లేదు. బయలుదేరిన చోటు తెలియడానికి 14 పల్సారుల నుండి సూర్యునికి గల దిశలు గీసి, ఒక్కొక్కదాని స్పందన కాలాన్ని అదే కొలతలో వ్రాశారు. బయలుదేరిన కాలం తెలియడానికి మూత మీద కొద్దిగా యురేనియం-238 పూశారు. అది సగం తరగడానికి సుమారు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది గనుక, ఎంత మిగిలినదో చూచి ప్లేటు వయస్సు లెక్కకట్టవచ్చును.

కాబట్టి ఒకనాడు ఎవరైనా ఆ తెలుగు వాక్యాన్ని మ్రోగించడం అసంభవమేమీ కాదు. వినడానికి వారికి చెవులే ఉండనక్కరలేదు. గాలి కంపనలను గీతగా గీసి చూచినా చాలును. రెండవ ప్రశ్న వేరు. వారికి అది అర్థమవుతుందా?

అర్థం కాదు. ఈ మాట నిర్మొహమాటంగానే చెప్పాలి. 55 పలకరింపులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అన్నీ కొద్ది సెకన్లవే కనుక ఇవన్నీ ఒకే కోవకు చెందినవని వారు ఊహింపవచ్చు. స్వరాల ఎత్తు పల్లాలను బట్టి, ఈ ధ్వనులు చేసిన ప్రాణుల కంఠాలు ఇంచుమించు ఒకే పరిమాణం గలవని గ్రహింపవచ్చు. కాని 'నమస్తే' అనే మూడక్షరాల ధ్వనిలో చేతులు జోడించడం ఎక్కడ ఉన్నది? మాటకు, అర్థానికి గల ముడి ఆ భాష మాట్లాడేవారి ఒడంబడిక మాత్రమే. ఉదజనికి, 21 సెంటీమీటర్లకు గల ముడి అట్టిది కాదు. చిత్రంగా, ఆ 55 భాషలలో సుమేరు భాష కూడా ఉన్నది. దాన్ని మాట్లాడేవారు పోయి వేల సంవత్సరాలైనది. మట్టి పలకల మీద దాని ప్రక్కనే అక్కదు భాషలో అర్థం వ్రాసి ఉన్నందువలననే మనకు తిరిగి తెలిసినది. వాయేజరు ప్లేటులో తెలుగు ప్రక్కన ఏ అర్థమూ లేదు.

ఇక్కడ మరల ఘంటసాల శాసనాల లిపికి రావాలి. ప్రిన్సెప్ ఆ లిపిని ఎట్లు పట్టగలిగాడు? సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీద అనేక చిన్న శాసనాలు ఉన్నవి. ప్రతి శాసనమూ అవే రెండు అక్షరాలతో ముగుస్తున్నదని ఆయన గమనించాడు. గుడిలో స్తంభానికో రాతికో డబ్బిచ్చినవారు తమ పేరు చెక్కించుకోవడం లోకంలో వాడుక. కనుక చివరి మాట 'దానం' కావాలని ఊహించాడు. ద, న అనే అక్షరాలు చిక్కినవి. గ్రీకు, బ్రాహ్మీ రెండూ ముద్రించిన నాణేలు కూడా అంతకు ముందే లాసెన్ అనే పండితునికి కొంత దారి చూపినవి. చూచితిరా, తాళపుచెవి అక్షరాలలో లేదు. ఇచ్చినవాడు పేరు వ్రాయించుకుంటాడనే మనిషి స్వభావంలో ఉన్నది. ఆ స్వభావం మనకూ వారికీ సమానం. అన్యలోకవాసికి దానమనే ఆచారం ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. వారితో మనకు సమానమైనవి సంఖ్యలు, పరమాణువులు, నక్షత్రాలు మాత్రమే.

తాళపుచెవి పోతే మనం చేసిన వస్తువు మాట కూడా మనకు తెలియదనడానికి వాయేజరే సాక్ష్యం. 2023 నవంబరులో వాయేజరు-1 అర్థంలేని ఒకట్ల సున్నల వరుసను మరల మరల పంపసాగినది. దాన్ని నిర్మించిన సంస్థ వారే నెలల తరబడి ఏమీ తెలియక తికమకపడ్డారు. 2024 మార్చిలో వచ్చిన ఒక సంకేతంలో దాని గణనయంత్రపు జ్ఞాపకశక్తి మొత్తం ఇమిడి ఉన్నదని ఒక ఇంజనీరు గుర్తించాడు. పాత నకలుతో పోల్చి చూడగా నూటికి మూడు వంతుల జ్ఞాపకం చెడినదని తేలినది. చెడిన చోటనున్న ఆదేశాలను వేరొక చోటికి మార్చారు. ఏప్రిల్ 20న అది తిరిగి తెలిసేటట్లు మాట్లాడినది. పోల్చడానికి పాత నకలు ఉండబట్టి గదా సాధ్యమైనది! ఇరవై వాట్ల చిల్లర, అనగా తరగతి గదిలోని ట్యూబులైటుపాటి శక్తితో ఆ నౌక పంపే సంకేతం 2025 నాటికి భూమికి చేరడానికి 23 గంటల పైన పడుతున్నది.

2016లో వచ్చిన 'అరైవల్' అనే చిత్రం ఈ చిక్కును వేరొక మార్గంలో దాటుతుంది. అందులో అన్యలోకవాసులు తామే భూమికి వస్తారు. భాషాశాస్త్రజ్ఞురాలు వారి ఎదుట నిలిచి, తన్ను చూపుకుంటూ పలక మీద మాట వ్రాసి చూపుతుంది. వారు తమ గుర్తు వ్రాస్తారు. తెలియని తెగ వారి భాషను నేర్చుకునేవారు చేసే పని ఇదే. పద్ధతి సరియైనది. కాని ఎదుట ఉన్నపుడే అది చెల్లుతుంది. అభిజిత్ నక్షత్రం 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అక్కడివారిని 'ఇది ఏమిటి?' అని అడిగితే సమాధానం అందేసరికి 50 ఏళ్లు. ఒక ఉపాధ్యాయుడు తన ఉద్యోగ జీవితంలో ఒక్క ప్రశ్నకు సైతం జవాబు వినలేడు. కాబట్టి దూరం నుండి పంపే సందేశం తన బాలశిక్షను తానే మోసుకొని పోవాలి.

ఇంతవరకు మనం కోరి పంపిన సందేశాల మాట. 'కాంటాక్ట్' లో అభిజిత్ వాసులకు చేరినది అట్టిది కాదు. స్పందనలలో దాగిన టెలివిజన్ చిత్రాన్ని తెర మీద వేసినపుడు కనిపించేది 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలను ప్రారంభిస్తున్న హిట్లరు! చూచినవారు నిశ్చేష్టులవుతారు. దానికి కథలో చెప్పిన కారణం తేలికైనది. శక్తివంతంగా వెలువడిన తొలి టెలివిజన్ ప్రసారాలలో అది ఒకటి. అభిజిత్ వాసులు దాన్ని పట్టి, 'మీ మాట విన్నాము' అనే భావంతో తిరిగి పంపారు. హిట్లరు ఎవరో వారికి తెలియదు. లెక్క వేయండి: 1936లో బయలుదేరిన తరంగం 25 ఏళ్లకు, అనగా 1961లో చేరుతుంది, వెంటనే జవాబు పంపితే 1986లో భూమికి అందుతుంది. నవల 1985లో వచ్చినదని జ్ఞాపకం పెట్టుకోండి. నిజానికి ఆనాటి బెర్లిన్ ప్రసారం చాలా బలహీనం. దూరం రెట్టింపైతే తరంగం బలం నాలుగవ వంతవుతుంది కాబట్టి అంత దూరంలో దాన్ని పట్టడానికి మనకున్న దూరదర్శినులైతే చాలవు. అయినప్పటికీ ఈ కల్పనలో ఒక విశేషం ఉన్నది. ప్లేటులో యుద్ధపు ఛాయ సోకరాదని 1977లో పట్టుపట్టిన మనిషే, తన కథలో మాత్రం ఆ ముఖాన్నే భూమి తొలి పలకరింపుగా నక్షత్రాల నుండి వెనుకకు రప్పించాడు. పెద్దమనిషి తరహాలో వ్రాసిన ఉత్తరం దారిలో ఉండగానే, మన ఇంటిలోని కేక గోడ దాటి పోయినదని ఆయన ఎరుగును.

భూమి నుండి ఆ విధంగా జారిపోతున్న తరంగాలేవి? అన్ని ప్రసారాలూ పోవు. విజయవాడ ఆకాశవాణి నుండి డెల్టా పల్లెలు విన్న మీడియం వేవు కార్యక్రమాలలో చాలా భాగం పగటివేళ అయనావరణంలో హరించిపోతుంది, రాత్రివేళ దానికి తగిలి క్రిందికి మళ్లుతుంది. ఎక్కువ పౌనఃపున్యం గల టెలివిజన్, రాడారు తరంగాలు ఆ పొరను చీల్చుకొని పోతాయి. వాటిలో రాడారులే బలమైనవి. శక్తినంతటినీ సన్నని ధారగా ఒకే దిక్కుకు విసురుతాయి.

అట్టి రాడారు ఒకటి చల్లపల్లికి తూర్పున, మచిలీపట్నంలో ఉన్నది. భారత వాతావరణ శాఖ వారి ఈ డాప్లర్ రాడారు సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలను స్పందనలుగా పంపి, బంగాళాఖాతం మీది వాన చినుకులకు తగిలి వెనుకకు వచ్చినదాన్ని బట్టి తుఫాను జాడ కనిపెడుతుంది. చినుకులకు తగిలేది స్వల్పభాగమే. భూమి గుండ్రంగా వంగి ఉన్నది, తరంగాలు తిన్నగా పోతవి. తక్కినది వాతావరణం దాటి అంతరిక్షంలో కలిసిపోతుంది.

వాయేజరు-1 వేరొక నక్షత్రానికి ఒకటిన్నర కాంతి సంవత్సరాలకు కొంచెం పైబడిన దూరం నుండి సాగిపోవడానికే సుమారు 40,000 ఏళ్లు పడుతుంది. మచిలీపట్నం తరంగం అభిజిత్తును 25 ఏళ్లలో చేరుతుంది, మిక్కిలి సన్నగిల్లి. అంత సన్నని తరంగాన్ని పట్టగల పరికరాలు అక్కడ ఎవరికైనా ఉన్నవనుకుందాము. మొదట అది చుట్టూ తిరుగుతూ క్రమం తప్పక మినుకుమనే పల్సారని భ్రమపడవచ్చు. కాని పల్సారు తన శక్తిని ఎన్నో పౌనఃపున్యాల మీద వెదజల్లుతుంది; ఇది ఒక్క సన్నని చోటనే ఉన్నది. ఎవరో చేసినదని అక్కడే తెలిసిపోతుంది. కొంతకాలం కాచుకుంటే, అది ఉదయించి అస్తమించడాన్ని బట్టి మన గ్రహం నక్షత్రాల లెక్కన 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి తిరుగుతున్నదని తేలుతుంది. పౌనఃపున్యం కొద్దిగా హెచ్చి తగ్గడాన్ని బట్టి మన సంవత్సరం పొడవు తేలుతుంది. ఆ స్పందనలు దేన్ని వెతుకుతున్నవో మాత్రం వారికి తెలియదు. మేఘాలకు తగిలి వెనుకకు మళ్లినవి మచిలీపట్నానికే చేరుతవి. వాటిని చూచి తీరగ్రామాలకు కబురు పంపే పని అక్కడి కార్యాలయంలో రాత్రింబవళ్లు జరుగుతూ ఉంటుంది.